ఐలమ్మ పంట ఎవరు కోశారు?



2024 సెప్టెంబరులో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషించాను. చాకలి అనే మాటను తిట్టుగా వాడిన రాజ్యంలో అదే మాట ఒక యూనివర్సిటీ పేరులోకి రావడం చిన్న సంగతి కాదు. ఐలమ్మ విగ్రహాలు కూడా ఇప్పుడు చాలా ఊళ్లలో వెలిశాయి. ప్రతి విగ్రహంలోనూ ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. వాటి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. విసునూరు దొర మీద ఆమె దక్కించుకున్న ఆ పంటను ఎవరు కోశారు? ఎవరు మోసుకొచ్చారు?

ఇది తెలివికి పెట్టే చిల్లర ప్రశ్న అనుకోకండి. ఈ రోజు మన పిల్లలు యూనివర్సిటీల్లో వింటున్న అతి పెద్ద తిట్టు 'మెరిట్ లేనోళ్లు'. కోటా సీటు అనే మాట కౌన్సెలింగ్ హాలు దగ్గర మొదలై హాస్టల్ మెస్సు దాకా వెంటబడుతుంది. ఆ తిట్టుకు మనం మామూలుగా ఇచ్చే జవాబు ఏమిటి? మనలో కూడా ప్రతిభావంతులు ఉన్నారని నాలుగు పేర్లు చెబుతాం. అంబేడ్కర్ పేరు, ఒక శాస్త్రవేత్త పేరు, ఒక ఐఏఎస్ పేరు. ఆ పేర్లు నిజమే, గర్వించాల్సినవే. కానీ ఆ జవాబులో ఒక ఒప్పుకోలు దాగుంది. ప్రతిభ అంటే ఒక మనిషి తలలో పుట్టుకతో ఉండే సరుకు అనే వాళ్ల లెక్కను మనం ఒప్పుకుంటున్నాం. ఆ లెక్క తప్పని మన నేల మీదే, జనగామ తాలూకాలోనే, ఎనభై ఏళ్ల కింద తేలింది. ఈ భాగంలో దాని గురించే రాస్తున్నాను.

ముందు ఐలమ్మ పంట సంగతి.

చిట్యాల ఐలమ్మది పాలకుర్తి. మల్లంపల్లి భూస్వామి దగ్గర కౌలుకు తీసుకున్న భూమిని ఆమె కుటుంబం సాగు చేసుకునేది. చాకలోళ్లు వెట్టి మానేసి సేద్యం చేయడమే ఊరి పట్వారీకి కంటగింపు. దాని మీద ఆమె సంఘంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి ఆ భూమి మీద కన్నుపడింది. కోర్టులో కేసులు నడిచాయి. ఆమె పక్షాన వకీలుగా నిలబడ్డవాళ్లలో కొండా లక్ష్మణ్ బాపూజీ ఒకరు. కోర్టులో ఓడిన దొర పంట మీదికి మనుషుల్ని పంపాడు. పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ లెక్క ఇచ్చాడు: దొర పంపింది 100 మంది గూండాలను, కోత కోయడానికి 200 మంది పనివాళ్లను. ఎదురుపోయింది సంఘం నాయకులు, 28 మంది వాలంటీర్లు. చేతుల్లో గుత్పలు. గూండాలు పారిపోయారు. పంట కోశారు, ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ సాయంత్రం విసునూరు నుంచి పోలీసులు వచ్చినా ఇంట్లోకి చేరిన గింజను ముట్టుకునే ధైర్యం చేయలేదు. తెల్లారి నాయకుల్ని పట్టుకుపోయి గడీలో చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇల్లు తగలబెట్టారు. అయినా ఆమె భూమిని వదల్లేదు.

28 మంది, గుత్పలు పట్టుకుని, 100 మంది మీదికి! దీన్ని మనం ధైర్యం అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ధైర్యమే అయితే దానికి ముందు కూడా ఉంది. ఆ తాలూకాలోనే ఉంది. ఆ దొర మీదే ఉంది.

పాలకుర్తికి ఎంతో దూరం లేని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు అదే విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడాడు. పేద ముసల్మాను. పలుకుబడి లేదు, పైసలు లేవు. కానీ గెలిచాడు. నిజాం కాలంలో దేశ్‌ముఖ్ మీద ఒక చిన్న రైతు కోర్టులో గెలవడమంటే ఎంత పట్టుదల కావాలో, ఎంత లెక్క తెలియాలో ఊహించండి. మెరిట్ అనే మాటకు అర్థం ఉంటే అది బందగీకి ఉంది. దొర మనుషులు ఆయన్ని నరికి చంపారు. ఆయన సమాధి జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు పక్కన ఇప్పటికీ ఉంది. తర్వాత వచ్చిన 'మా భూమి' నాటకంలో బందగీ పేరు నిలిచింది.

కొన్నేళ్లు తిరక్కముందే ఐలమ్మ. ఇద్దరికీ శత్రువు ఒకడే. ఇద్దరూ కోర్టుకు పోయారు. ఇద్దరూ మొండివాళ్లే. ఐలమ్మకు బందగీ కంటే ఎక్కువ తెలివి ఉందనో, ఎక్కువ గుండె ఉందనో నేననను. చదువు లేదు, ఆడమనిషి, కులంలో ఇంకా కింద. మధ్యలో మారింది ఒక్కటే. కోర్టు తీర్పు మరునాడు పొలం గట్టు మీద నిలబడటానికి బందగీకి ఎవరూ లేరు, ఐలమ్మకు సంఘం ఉంది.

ఆ సంఘం ఎలా తయారైందో కొంచెం వెనక్కి పోయి చూడాలి. 1921 నవంబరులో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడిన వకీలు ఆలంపల్లి వెంకటరామారావును ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచి పుట్టింది ఆంధ్ర జన సంఘం. అదే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ అయింది. ఈ మొదటి ఇరవై ఏళ్లలో అందులో ఉన్నది వకీళ్లు, పత్రికలవాళ్లు, భూమి ఉన్న ఇళ్ల చదువుకున్న పిల్లలు. చెడ్డవాళ్లని నేననడం లేదు. గ్రంథాలయాలు పెట్టారు, తెలుగు కోసం నిలబడ్డారు. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లలో బాగా చదువుకున్న తలకాయలు చాలావరకు అక్కడే చేరాయి. ఇరవై ఏళ్లలో వాళ్లు తీర్మానాలు చాలా చేశారు. ఒక్క ఊళ్లో వెట్టి ఆగిందా అంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ కనబడదు.

(ఇక్కడ ఒక మాట. మన భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టాడు. అంటే 1921కి ముందే హైదరాబాద్‌లో సంఘం కట్టడం మాలవాడలకు తెలుసు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. గుర్తుపెట్టుకోండి.)

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన 11వ మహాసభ దగ్గర మలుపు. మితవాదులు పక్కకు పోయారు. సభ్యత్వ రుసుము అణాకు తగ్గించారు. ఈ అణా గురించి ఎవరూ పెద్దగా రాయరు కానీ నా లెక్కలో భువనగిరి సభలో జరిగిన అతి పెద్ద పని అదే. అణా ఇస్తే చీటీ ఇస్తారు. ఆ చీటీ వల్లే పల్లెల్లో దానికి చీట్ల సంఘం అని పేరు పడింది. తర్వాత గుత్పలు పట్టినప్పుడు గుత్పల సంఘం అయింది. తరతరాలుగా దొర దగ్గర వేలిముద్ర వేసిన కాగితాలే చూసిన మనిషికి, తన పేరు రాసి తన చేతికే ఇచ్చిన మొదటి కాగితం ఆ చీటీ.

అణాతో లోపలికి వచ్చింది ఎవరు? ఇక్కడ కాస్త ఆగుదాం.

వెట్టి అంటే ఉత్త చాకిరీ అని చదువుకున్నాం. కులాన్ని బట్టి పంచిన చాకిరీ అది. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు ఇవ్వాలి, గడీ మాట డప్పు కొట్టి చాటాలి. మాల బేగరిగా ఊరి నుంచి ఊరికి కబుర్లు, మూటలు మోయాలి. నీరటికాడు చెరువు తూము కాపలా కాయాలి. చాకలి ప్రతి ఇంటి బట్టా ఉతకాలి, గడీ లోపలి గదుల దాకా పోయి రావాలి. మంగలి గడ్డం గీస్తూ అందరి మాటలూ వినాలి. కుర్మ, గొల్ల గొర్రెల వెంట గుట్టలన్నీ తిరగాలి. లంబాడీకి బండ్ల దారులు, అడవి దారులు తెలియాలి. గౌడన్న తాటిచెట్టు ఎక్కితే నాలుగు ఊళ్ల బాటలు కనబడతాయి.

ఇప్పుడు ఇదే జాబితాను ఇంకో కన్నుతో చూడండి. చెరువు శిఖం భూమిని ఎవరు కలుపుకున్నారో నీరటికి తెలుసు. గడీలో ఎన్ని తుపాకులున్నాయో తెలియాలంటే లోపలికి పోయొచ్చే చాకలికే తెలియాలి. ఏ ఊరికి ఏ వేళకు ఎంతసేపట్లో పోవచ్చో బేగరి కాళ్లకు తెలుసు. వడిసెల తిప్పి రాయి విసిరితే ఎక్కడ పడుతుందో కుర్మ పిల్లగాడికి తెలుసు. ఒక్క దరువుతో ఊరంతటినీ లేపడం మాదిగకు తెలుసు. పోరాటానికి కావాల్సిన తెలివంతా అప్పటికే ఊళ్లో ఉంది. ఒక్క ముక్క ఒక్కో వాడలో ఉంది. ఆ ముక్క పక్కవాడలోకి పోకుండా కులం కాపలా కాసింది. నీరటి చూసింది బేగరికి చెప్పడు, చాకలి విన్నది మాదిగ వాడకు చేరదు, ఒకరి నీళ్లు ఒకరు ముట్టరు కాబట్టి ఒకరి మాట ఒకరికి అందదు. బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన గురించి రాస్తూ, కులం పనిని పంచడంతో ఆగక పనివాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చిందని వివరించాడు. మనం దాన్ని కూలీ గురించి, గౌరవం గురించి మాత్రమే చదువుతాం. తెలివి గురించి కూడా చదవాలి. పనివాళ్లు విడిపోతే ఊరి బుర్ర ముక్కలైపోతుంది.

చీట్ల సంఘం చేసింది ఆ ముక్కల్ని ఒకచోట కూర్చోబెట్టడం. చదువు వచ్చిన ఒకడు ప్రజాశక్తి చదివి వినిపిస్తే రాని పదిమంది తమ ఊరి సంగతి చెప్పారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టాడు. బాణీ గొల్లలది, మాటలు హనుమంతువి, గొంతు ఊరందరిది. ఆ పాటలో ప్రతిభ ఎంత శాతం ఎవరిదో విడదీసి చెప్పమంటే ఎవరి వల్లా కాదు. వకీళ్లు ఇరవై ఏళ్లు నడిపిన సంస్థ, అక్షరం రానివాళ్లు వచ్చి చేరిన రెండేళ్లకే దేశ్‌ముఖ్‌ను ఓడించగలిగే సంస్థ అయింది. సగటు చదువు తగ్గింది, సంస్థ తెలివి పెరిగింది.

ఐలమ్మ పంట తర్వాత దొర కడవెండిలో సంఘం నాయకుల ప్రాణాలకే గురిపెట్టాడు. 1946 జూలై 4న కడవెండి జనం గుత్పలు, వడిసెలలతో ఊరేగింపు తీశారు. గడీ దగ్గరికి రాగానే లోపలి నుంచి కాల్పులు. దొడ్డి మల్లయ్య కాలికి గుండు తగిలింది. ఆయన తమ్ముడు కొమరయ్య కడుపులో తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. మంగలి కొండయ్యకు నుదుటి మీద తగిలింది, ఆయన తమ్ముడు నర్సయ్యకూ గాయమైంది. కుర్మ అన్నదమ్ములు, మంగలి అన్నదమ్ములు. ముందు వరుసలో ఎవరున్నారో ఆ గుండ్లే చెబుతున్నాయి.

బందగీని చంపితే కామారెడ్డిగూడెం భయపడింది. కొమరయ్యను చంపితే కడవెండి భయపడలేదు. జనం పారిపోలేదు సరికదా గడీనే ముట్టడించారు. ఆ తర్వాత వేలమంది ఊరి నుంచి ఊరికి నడిచారు. ప్రతి ఊళ్లో ఆగి వెట్టి బంద్ అని చెప్పి, సంఘం పెట్టించి, పక్క ఊరికి పోయారు. కొద్ది వారాల్లో వందల ఊళ్లు కదిలాయి. ఒక మనిషిలో ఉన్న ప్రతిభను చంపొచ్చు. ఇక్కడ అది ఏ ఒక్కడి దగ్గరా లేదు కాబట్టి గడీకి ఎవరిని కాల్చాలో తెలియలేదు. ధర్మాపురం లంబాడీల భూపోరాటంలో ముందున్న జాటోతు ఠాను నాయక్‌ను 1950లో చంపినప్పుడూ తండా లొంగలేదు. ఒక విషయం గమనించారా? కామారెడ్డిగూడెం, కడవెండి, ధర్మాపురం మూడూ ఇప్పటి దేవరుప్పుల మండలంలోనే ఉన్నాయి. బస్సులో పోతే ఒక్క పూటలో మూడూ చూసి రావచ్చు.

ఇక 'మెరిట్' అనే దేవుడు ఎక్కడ పుట్టాడో కొంచెం చూద్దాం. 1869లో ఇంగ్లండులో డార్విన్ చుట్టం ఫ్రాన్సిస్ గాల్టన్ మేధావితనం వంశంలో వస్తుందని ఒక పుస్తకం రాశాడు. జడ్జీల కొడుకులు జడ్జీలు, మంత్రుల అల్లుళ్లు మంత్రులు అవుతున్నారు కాబట్టి అది రక్తంలో ఉందన్నాడు. మన ఊళ్లో పట్వారీ కొడుకు పట్వారీ కావడాన్ని చూసి ఉంటే ఆయనకు ఇంకో అధ్యాయం దొరికేది. 1921లో అమెరికాలో లూయీ టెర్మన్ అనే ప్రొఫెసర్ తెలివి పరీక్షలు పెట్టి, కాలిఫోర్నియా పిల్లల్లోంచి దాదాపు 1500 మంది 'ప్రతిభావంతుల్ని' ఏరి జీవితాంతం వాళ్లను వెంబడించే అధ్యయనం మొదలుపెట్టాడు. వాళ్లలో ఎవరికీ నోబెల్ రాలేదు. ఆ పరీక్షలో చాలరని పక్కన పెట్టిన ఇద్దరికి వచ్చింది: విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్. ఇంకా తమాషా ఏమంటే, ఆ పరీక్షలో తప్పిన షాక్లీయే పెద్దయ్యాక నల్లవాళ్లకు పుట్టుకతోనే తెలివి తక్కువని ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చాడు.

2010లో అనితా వూలీ, థామస్ మాలోన్ వగైరా పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం అచ్చేశారు. 699 మందిని ఇద్దరి నుంచి ఐదుగురి దాకా చిన్న జట్లుగా చేసి రకరకాల పనులు ఇచ్చారు. జట్టుకు జట్టుగా ఒక తెలివి ఉందని, ఒక పనిలో బాగా చేసిన జట్టు మిగతా పనుల్లోనూ బాగా చేస్తుందని తేలింది. ఆ తెలివికి జట్టులో అందరికంటే తెలివైనవాడి మార్కులతో గాని, అందరి సగటుతో గాని పెద్ద సంబంధం లేదు. ఎదుటివాళ్ల మనసు ముఖం చూసి గ్రహించే గుణంతో సంబంధం ఉంది. మాట్లాడే వంతు అందరికీ సమానంగా దక్కడంతో ఉంది. ఒకరిద్దరే మాట్లాడేసిన జట్లు వెనకబడ్డాయి. ఆడవాళ్లు ఎక్కువున్న జట్లు ముందున్నాయి. ఈ అధ్యయనం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి, చివరి మాట అని నేను చెప్పను. కానీ ఎదుటివాడి ముఖం చదవడంలో దొర ముందు తలవంచి బతికినవాళ్లను మించినవాళ్లు ఎవరుంటారు? దొర ముఖం చదవడం రాకపోతే వెట్టివాడికి ఆ రోజు గడవదు. ఆ విద్యను ఒకరి మీద ఒకరు వాడుకునే చోటు సంఘం ఇచ్చింది.

ప్రతిభ జట్టులో ఉంటుందన్న సంగతి మనకంటే ముందు సర్కారుకు అర్థమైందని నా అనుమానం. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి రజాకార్ల పని పట్టాక, పోరాటం మీదికి తిరిగింది. మైదానంలో నిలబడలేక దళాలు మానుకోట వైపు, ఇటు ములుగు, భూపాలపల్లి అడవుల వైపు, గోదావరి వైపు జరిగాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, కొత్తగూడ, బయ్యారం వైపు పోతే ఆ అడవి ఇంకా కొంత కనబడుతుంది. జనగామ నుంచి వచ్చిన దళానికి ఆ అడవి ఒక్క ముక్క తెలియదు. నీళ్లెక్కడ, బాట ఎక్కడ, ఏ ఆకు తినొచ్చు, ఏ పక్షి అరిస్తే మనుషులు వస్తున్నట్టు, ఇదంతా కోయగూడేల్లో ఉన్న చదువు. దళానికి కోయలు కళ్లు, చెవులు అయ్యారు.

సైన్యం ఏం చేసింది? దళ నాయకుల కోసం వెతికింది, నిజమే. దానితోపాటు కోయగూడేలను తగలబెట్టి జనాన్ని పట్టుకొచ్చి రోడ్ల పక్కన క్యాంపుల్లో కుక్కింది. ఎవరిని ఎవరితో కలవనివ్వకపోతే దళం గుడ్డిదైపోతుందో సైనికాధికారులకు తెలిసింది. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు.

ఇక్కడ దాకా చదివి సంఘానికి హారతి పడుతున్నానని అనుకుంటే పొరపాటు. సంఘం ముక్కల్ని కలిపింది, అందరినీ సమానం చేయలేదు. పైన నిర్ణయాలు చేసే కమిటీల్లో ఎవరున్నారో పేర్లు చదివితే తెలుస్తుంది. ఐలమ్మ పంట దగ్గర భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు పేర్లు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లు. మిగతావాళ్లు 28 అనే అంకె అయ్యారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ అంకె కూడా లేదు. భూముల పంపకంలో దొర దగ్గర ఉంచే పరిమితి మొదట 500 ఎకరాలు. తర్వాత 200కు, 100కు తగ్గించారు. 500 ఎకరాలు దొరకు వదిలేసే లెక్క మాదిగ వాడలో కూర్చుని వేసిన లెక్క అయ్యుండదని నేను బల్లగుద్ది చెబుతాను.

1952 ఎన్నికల సంగతి ఇంకా బాగా చెబుతుంది. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడని ప్రతి పోటీ పరీక్ష పుస్తకంలో ఉంటుంది. అప్పుడు నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. అదే ఎన్నికలో, అదే జనం, అదే పార్టీ తరఫున గెలిపించిన రెండో ఎంపీ సుంకం అచ్చాలు. దళితుడు. ఆ పేరు ఈ వ్యాసం చదివే ఎంతమందికి తెలుసు? కామెంట్లలో నిజం చెప్పండి.

స్త్రీల విషయంలోనూ అంతే. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఐలమ్మ, దూడల సాలమ్మ, కమలమ్మ లాంటి వాళ్లు తమ కథ తాము చెప్పుకునే చోటే లేదు. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఐలమ్మ లేదు. 1985 సెప్టెంబరు 10న పోయింది. ఆ పుస్తకం చదవని కార్యకర్తను నేను కార్యకర్త అనను. కోపమొస్తే రానివ్వండి.

పోరాటం నుంచి పక్కకు వచ్చి చూసినా ఇదే కథ. మళ్లీ దేవరుప్పుల మండలమే. అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాలకు పైగా, 19 వేలకు పైగా ప్రదర్శనలు. మన ఇళ్లలో అందరం పండుగ చేసుకున్నాం. చిందోళ్లు మాదిగలకు కథ చెప్పేవాళ్లు, జాంబపురాణం చెప్పి మన పుట్టుక గొప్పదని మనకు గుర్తుచేసేవాళ్లు. చిందు మేళం చూసినవాళ్లకు తెలుసు, అందులో ఒక్కడి ఆట అంటూ ఉండదు. వేషం కట్టినవాడు అడుగు వేస్తే మద్దెల అందుకోవాలి, తాళం అందుకోవాలి, వెనక వంత పాడేవాళ్లు చివరి మాటను ఎత్తుకోవాలి. అతను మాట మరిచిపోతే వంతవాళ్లు పాటను ఇంకో చుట్టు తిప్పి అతనికి ఊపిరి ఇస్తారు. చూసేవాళ్లకు మరిచిపోయిన సంగతే తెలియదు. కుటుంబాలకు కుటుంబాలే మేళం. పతకం ఒక్క మెడలోనే పడుతుంది, అది పతకం స్వభావం. కానీ మేళానికి కూడు పెట్టే ఏర్పాటు ఏదీ లేకుండా ఒక్క మెడలో పతకం వేస్తే, ఆ విద్య ఇంకో తరానికి ఎట్లా పోతుంది? వంత పాడేవాడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు అయితే వేషగాడు ఎంత గొప్పవాడైనా ఆట ఆగుతుంది.

భూపాలపల్లి మిత్రులకు ఇది చెప్పక్కర్లేదు. కేటీకే గనుల్లో పాతతరం పనిచేసిన తీరు గుర్తుచేసుకోండి. తట్టా చెమ్మసుతో బొగ్గు నింపిన కోల్‌ఫిల్లర్ల గ్యాంగులు, టింబర్‌మన్, ట్రామర్, షార్ట్‌ఫైరర్, సర్దార్. లోపలికి దిగగానే రూఫును కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, డొల్ల శబ్దం వస్తే అక్కడ నిలబడొద్దు. తట్టేది ఒకడు, వినేది అందరూ. కొత్తగా వచ్చిన బదిలీ వర్కర్‌కు ఆ శబ్దం తేడా ఏ ట్రైనింగ్ క్లాసులోనూ పూర్తిగా రాదు, గ్యాంగులో నెలల తరబడి ఉంటే వస్తుంది. ఎవరు ఏ రోజు ఒంట్లో బాగాలేక దిగాడో, ఎవరి పట్టు సడలిందో పక్కవాడికి తెలుసు. దళితులు, వెనకబడిన కులాలవాళ్లు నిండిన ఆ గ్యాంగులను మెరిట్ జాబితాలో ఎవరూ చేర్చలేదు. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది. యంత్రం రావడాన్ని నేను తప్పుపట్టను, తట్టా చెమ్మసు మా పెద్దల నడుములు విరిచింది. కానీ ఇవాళ ఒకడు, రేపు ఒకడుగా మారిపోయే కాంట్రాక్టు కూలీలకు ఒకరి ముఖం ఒకరికి తెలిసే వ్యవధి ఎక్కడుంది? కోయగూడేలను విడగొట్టి క్యాంపుల్లో పెట్టినప్పుడు జరిగిందే, తుపాకీ లేకుండా, టెండరు కాగితంతో జరుగుతోంది.

మన సంఘాల గురించి కూడా రెండు మాటలు. విద్యార్థి సంఘం మీటింగుల్లో మైకు ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటుందో ఈసారి గడియారం పెట్టి చూడండి. కరపత్రం రాసేది ఒకడే, ప్రెస్‌తో మాట్లాడేది ఒకడే, కేసు మాత్రం అందరి మీద. ఆడపిల్లలు టీ పంచేదగ్గర, ప్లకార్డులు రాసేదగ్గర ఆగిపోతారు. ఆ ఒక్కడు పార్టీ మారినా, ఫెలోషిప్ వచ్చి పోయినా సంఘం మూతపడుతుంది. మనోడు తెలివైనోడు, వాడు పోయాక ఏమీ లేదని బాధపడతాం. మిగతా నలభై మందికి ఏం తెలుసో ఎవరైనా అడిగారా? మెస్సు కాంట్రాక్టు లెక్కలు వంటమాస్టరుతో కూర్చుని నేర్చుకున్న జూనియర్ ఉంటాడు. వార్డెన్ ఏ రోజు ఏ సంతకం పెడతాడో తెలిసిన అమ్మాయి ఉంటుంది. స్కాలర్‌షిప్ ఫైలు ఎక్కడ ఆగిందో ఆఫీసులో అటెండరుతో మాట్లాడి తెలుసుకొచ్చేవాడు ఉంటాడు. ఆ మూడూ ఒక టేబుల్ మీదికి వస్తే మెస్సు సమస్య వారంలో తేలుతుంది.

ఇప్పుడు ఒక పని అడుగుతాను. దసరా సెలవులకు పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల, లింగాలఘనపురం వైపు ఊళ్లకు పోయేవాళ్లు ఇంట్లో ముసలోళ్లను అడగండి. ఐలమ్మ పంట కోయడానికి పోయినోళ్లలో మన వాడ నుంచి ఎవరున్నారని, కడవెండి ఊరేగింపులో తాత ఉన్నాడా అని, చీటీ ఎవరి దగ్గరైనా దాచిపెట్టి ఉందా అని అడగండి. మానుకోట, భూపాలపల్లి వాళ్లు దళానికి దారి చూపిన గూడేల పేర్లు అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. పేరు, ఇంటిపేరు, ఊరు, వాడ, ఏం పని చేసేవాడో, సంఘంలో ఏం పని చేశాడో, అంతే చాలు. వాళ్లు ఒప్పుకుంటేనే పంపండి. వచ్చిన పేర్లతోనే వచ్చే భాగం మొదలుపెడతాను.